బొజ్జన్నకొండ కింద అమ్మ

2025 జనవరి 15, కనుమ
అచ్యుతాపురం

సెజ్ షిఫ్టు బస్సుల్లేక రోడ్డు ఖాళీగా ఉంది. పెద్దమ్మ పాత కనుమల ముచ్చట్లు చెప్పింది. శంకరంలో బొజ్జన్నకొండ మీద బొజ్జలాంటి బండ ఒకటుంటే, రాక్షసుడి పొట్టని రాళ్ళు రువ్వేవారట. వారసత్వ కట్టడాలను కాపాడే ఇంటాక్ సంస్థ వాళ్ళు నచ్చజెప్పాకే మానారు. స్తూపాలు తొలిచిన కొండ, గుహల్లో బుద్ధుడు కొలువైన కొండ! దండాలందుకున్న చోటే రాళ్ళు పడ్డాయంటే మనసు ఒప్పుకోలేదు.

జనవరి 19

కొండకి వెళ్ళొచ్చాను. నన్ను ఆపింది కింద ఉన్న హారీతి. పరాయి బిడ్డల్ని తినే యక్షిణి ఆమె. బుద్ధుడు ఆమె కడగొట్టు బిడ్డను భిక్షాపాత్ర కింద దాచాడు. కడుపుకోత తెలిశాక పిల్లల్ని కాచే తల్లయింది. విహారాల్లో రోజూ ఆమెకు అన్నం పెట్టేవారని 7వ శతాబ్దపు చైనా యాత్రికుడు ఇత్సింగ్ రాశాడు. బౌద్ధం ఆమెను వెళ్ళగొట్టలేదు, భోజనశాల మూలన చోటిచ్చింది. గాంధార శిల్పులైతే గ్రీకుల భాగ్యదేవత టైకీ చేతిలోని సమృద్ధి కొమ్మును ఈమె చేతికిచ్చారు.

ఆ గ్రీకు దేవుళ్ళు మాత్రం హోమర్‌తో పుట్టారా? 1952లో మైకేల్ వెంట్రిస్ లీనియర్ బి అనే ప్రాచీన గ్రీకు లిపిని ఛేదించాక, క్రీ.పూ. 13వ శతాబ్దం నాటి పైలోస్ మట్టి పలకల్లో డయోనిసస్ పేరు బయటపడింది. అంతదాకా అతణ్ణి ఆలస్యంగా వచ్చిన పరదేశి దేవుడనుకున్న పండితులు చాలామందే. జ్యూస్ ఇంకా పాతవాడు, మన ఋగ్వేదంలోని ద్యౌష్పితకు దాయాది. అఫ్రొడైటీలో పశ్చిమాసియా అస్టార్టే పోలికలు దండిగా ఉన్నాయి.

మార్చి 29, కొత్త అమావాస్య

అనకాపల్లి గవరపాలెం, నూకాలమ్మ జాతర. దర్శనం వరస తోపులాటలో చంటిపిల్లల్ని భుజాన వేసుకుని తల్లులు. హారీతే నూకాలమ్మయిందని నేననను, అందుకు ఆధారం లేదు. కానీ దేవతల వంశవృక్షాలు గీసేవాళ్ళు ఈ వరసలో ఒక్క గంట నిలబడాలి. బిడ్డ ఒళ్ళు కాలుతుంటే మొక్కుకునే తల్లి లేకుండా ఏ దేవతా ఒక కాలం నుంచి ఇంకో కాలానికి రాలేదని నా గట్టి నమ్మకం.

గ్రీసులోనూ అంతే. ఎలూసిస్‌లో సగం పూడిన రాతి స్త్రీవిగ్రహాన్ని పంటల దేవత డిమీటర్‌గా తలచి, మెడదాకా పేడ ఎరువు పోసి, పండగనాడు దీపం పెట్టేవారు ఊరివాళ్ళు. అప్పటికి వాళ్ళు క్రైస్తవులై ఎన్నో తరాలు. 1801లో ఆంగ్ల యాత్రికుడు ఎడ్వర్డ్ క్లార్క్ దాన్ని ఇంగ్లండుకు తరలించబోతే, పంటలు పోతాయని అడ్డుపడ్డారు. ఆ విగ్రహం ఇప్పుడు కేంబ్రిడ్జి మ్యూజియంలో ఉంది. ఆ ఊరికి తిరిగిచ్చేయాలి.