కొలంబోలో ఒక పగలు

ఇరవై యేండ్ల గుమాస్తా ఉద్యోగంలో నేను ఎరిగిన సముద్రమల్లా మదరాసు మెరీనా సముద్రమే. అటువంటివాణ్ణి ఆ మధ్య చీటీ ఎత్తిన డబ్బుతో, ఇంటావిడను వెంటబెట్టుకొని కొచ్చి రేవులో విహారనౌక ఎక్కినానంటే, సత్తువాచారిలో మా వీధివారే నమ్మలేదు. ఓడలోని భోజనాలు, ఆటపాటలు మరొకప్పుడు చెప్పుకోవచ్చును. ఓడ కొలంబోలో నిలిచిన ఆ ఒక్క పగటిని గురించి మాత్రం మన పత్రికకు వ్రాయక తప్పలేదు. ఏమంటే, ఆనాడు అక్కడ నేనొక అబద్ధమాడినాను.

ఉదయం ఎనిమిదింటికి ఒడ్డు చేరినాము. సాయంత్రం అయిదింటికల్లా తిరిగి రావలెనని ఓడవారి హెచ్చరిక. తోటి ప్రయాణికులు పెద్ద బస్సెక్కి రత్నాల అంగళ్ళకు బయలుదేరినారు. "రాళ్ళు కొనే యోగం మనకెక్కడిదండీ, మనదారిన మనం పోదాం" అన్నది మా ఆవిడ. బేరమాడి ఒక ఆటో కుదుర్చుకున్నాము. డ్రైవరు సింహళీయుడు, అయినా తమిళం కొంత వచ్చును.

మొదట గాల్ ఫేస్ మైదానానికి పోయినాము. సముద్రం వెంబడి బారుగా పరచిన పచ్చిక అది. 1859లో గవర్నరు హెన్రీ వార్డు చేయించినాడట. అక్కడ తంబిలి అనే నారింజరంగు కొబ్బరిబోండాలు అమ్ముతారు. నీళ్ళు మన బోండాంకంటె తీపి. త్రాగుతూ ఉండగా డ్రైవరు "ఏ ఊరు?" అని అడిగినాడు. "వేలూరు" అన్నాను. అతని చేతిలోని బోండాం నోటి దగ్గరనే ఆగిపోయింది.

"మా కడపటి రాజును చెరలో పెట్టిన వేలూరా?"

"అవును."

"ఆయన సమాధి అక్కడనే ఉన్నదని బడిలో చెప్పినారు. ఎట్లా ఉన్నది? మీరు చూస్తుంటారా?"

"బాగున్నది. చూస్తూనే ఉంటాను" అన్నాను.

పాఠకులారా, అబద్ధం ఇదే. పాలారు ఒడ్డున ముత్తుమండపం కట్టిన కొత్తలో, అంటే 1990 ప్రాంతంలో, మా అమ్మ చేయి పట్టుకొని ఒక్కమారు చూచినాను. "ఆయన మన భాషవాడేరా" అని అమ్మ చెప్పింది. ఆమె పోయి చాలా యేండ్లయింది. ఇన్నేండ్లు ఆ దారిన ఆఫీసుకు పోతూ వస్తూ, మళ్ళీ లోపల అడుగు పెట్టినవాణ్ణి కాను. మా ఆవిడ నావైపు చూచింది గాని ఏమీ అనలేదు.

"అయితే మీకొకటి చూపించవలె" అని డ్రైవరు మమ్మల్ని నేరుగా జాతీయ మ్యూజియానికి తీసుకొనిపోయినాడు. 1877లో తెరచిన తెల్లని మేడ. ముందర పెద్ద పెద్ద మర్రిమానులు. లోపల అద్దాల వెనుక కండి రాజుల సింహాసనం ఉన్నది. 1693లో డచ్చివారు కానుకగా ఇచ్చినదది. బంగారు రేకు తాపడం, చేతులు ఆనించుకొనేచోట సింహాలు, వీపువైపున సూర్యుడు. ఇంగ్లీషువారు దానిని తమ దేశానికి పట్టుకొనిపోయి, 1934లో తిరిగి ఇచ్చినారు.

సింహాసనం తిరిగి వచ్చింది గాని, దానిమీద కూర్చున్నవాడు రాలేదు. మధుర నాయకుల బంధువర్గంనుండి వచ్చి 1739 మొదలు కండిని ఏలిన నలుగురిలో శ్రీ విక్రమ రాజసింహుడు చివరివాడు. మొదటి పేరు కన్నసామి. 1798లో పదునెనిమిదేండ్ల వయసున గద్దెనెక్కినాడు. వారు పరదేశంనుండి వచ్చినా ఆ దేశపు బౌద్ధాన్ని నెత్తిన పెట్టుకున్నారు. కీర్తి శ్రీ రాజసింహుడు 1753లో సయాంనుండి భిక్షువులను రప్పించి, అడుగంటిన సంఘాన్ని నిలబెట్టినాడు. ఇప్పుడు కండికి అందమైన చెరువు తవ్వించినవాడు ఈ విక్రమ రాజసింహుడే. అయితే ఎహెలేపొల అనే అధికారి తిరుగబడినందుకు 1814లో అతని భార్యాబిడ్డలను చంపించిన పాపం కూడా ఈయనదే. ఆ సంగతిని లంకవారు నేటికీ మరువలేదు. మరుసటి ఏడు ప్రధానులు ఇంగ్లీషువారితో ఒడంబడిక చేసుకొని రాజును తోసివేసినారు. 1816లో ఓడమీద మదరాసుకు తెచ్చి, వేలూరు కోటలో ఉంచినారు. 1832 జనవరి 30న ఇక్కడనే కన్నుమూసినాడు.

"ఇంతటి కుర్చీలో కూర్చున్నవాడు మన కోటలో పదహారేండ్లు ఎట్లా గడిపినాడో!" అన్నది మా ఆవిడ.

నాకు మరొకటి తోచింది. తెలుగు ఇంటినుండి పోయి లంకలో రాజైనాడు, అక్కడివారికి పరాయివాడైనాడు. ఇక్కడ చెరలో చచ్చి, ఇక్కడివారికి కూడా పరాయివాడుగానే మిగిలినాడు. తరతరాలుగా అరవదేశంలో ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మనకు ఆయన గోడు కొంచెమైనా తెలియవద్దా? లంకలో ఒక ఆటో డ్రైవరుకు ఉన్న పట్టింపు, పక్కనే కాపురమున్న నాకు లేకపోయెను గదా!

నాలుగున్నరకు రేవు చేరినాము. బాడుగ ఇచ్చేటప్పుడు డ్రైవరు "మీ ఊరికి పోయినాక మా రాజుకు ఒక దండం పెట్టండి" అన్నాడు. నిజం చెప్పివేద్దామని నోటిదాకా వచ్చింది; చెప్పలేకపోయినాను. దండం పెడతానని మాత్రం మాట ఇచ్చినాను.

ఊరు చేరిన మొదటి ఆదివారం మా అమ్మాయిని వెంటబెట్టుకొని ముత్తుమండపానికి పోయినాను. రాజు సమాధి ముందర నిలిచి, ఒక దండం ఆ డ్రైవరు పేర, ఒకటి మా అమ్మ పేర పెట్టినాను. "ఎవరు నాన్నా ఈయన?" అని పిల్ల అడిగింది. అమ్మ నాతో అన్న మాటనే నేనూ అన్నాను. అది అంతటితో ఊరుకోక, వరుసగా ప్రశ్నలు వేసింది. జవాబులు చెప్పేసరికి ప్రొద్దు క్రుంకింది.

మన ఇండ్లకు చుట్టాలు వస్తే కోట, జలకంఠేశ్వరుని గుడి, శ్రీపురం బంగారు గుడి చూపించి పంపుతాము. ఇకమీదట ఒక అరగంట పాలారు ఒడ్డుకు కూడా తీసుకొనిపోండి. టిక్కెట్టు కొని సముద్రం దాటిపోయి నేను నేర్చుకొని వచ్చినది ఇంతే.