షోరూమా, గ్యారేజా? ఒక జాబరు లెక్క

మన పేటల్లో ఇప్పుడు కారు ఉన్న ఇండ్లు పెరిగాయి. షోకుకు కొన్నవాళ్లు తక్కువ, బాడుగకు తిప్పుకోవడానికి కొన్నవాళ్లు ఎక్కువ. టవల్ కార్ఖానాల్లో పని పలుచబడ్డ కొద్దీ మన పిల్లలు స్టీరింగ్ పట్టుకుంటున్నారు. షోలాపూర్ చుట్టూ తుల్జాపూర్, అక్కల్‌కోట్, పండరిపూర్ ఉన్నంతకాలం యాత్రికులకు కరువు లేదు. అయితే కారు కొన్న ప్రతి ఇంట్లో ఏడాది తిరిగేసరికి ఒకటే పంచాయితీ: సర్వీసింగు షోరూములో చేయించాల్నా, బయట గ్యారేజీలోనా? మా ఇంట్లో కూడా అది గట్టిగానే నడిచింది. అందులో తెలిసొచ్చిన సంగతులు పదిమందికి పనికొస్తాయని రాస్తున్నాను.

నేను అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో ఇరవై ఆరేండ్లు సాంచాల మీద జాబరుగా చేశాను. మా ఇంటామె బీడీలు చేస్తుంది. పెద్దోడు నాలుగేండ్ల కింద అప్పు తీసి పసుపు పలక కారు కొన్నాడు. నెలకు 11,400 రూపాయల కిస్తు. ఆ కారు ఆగితే కిస్తు ఆగుతుంది, కిస్తు ఆగితే బ్యాంకోళ్లు ఇంటికొస్తారు. అందుకని సర్వీసింగు మాకు చిన్న విషయం కాదు.

ముందు ఒక లెక్క చూడండి. సొంతానికి కారు పెట్టుకున్నవాళ్లు ఏడాదికి ఎనిమిది వేలో, పదివేల కిలోమీటర్లో తిరుగుతారు. వాళ్లకు సర్వీసింగు ఏడాదికోసారి. మావాడి బండి నెలకే నాలుగు వేలు తిరుగుతుంది. పదివేలకోసారి ఇంజన్ ఆయిలు మార్చాలంటే రెండున్నర నెలలకోసారి సర్వీసింగు వచ్చి కూర్చుంటుంది. ఒక్కోసారికి నాలుగు వేలు ఎక్కువ పోయినా ఏడాదికి ఇరవై వేల దగ్గర తేడా. అంటే దగ్గర దగ్గర రెండు కిస్తులు.

వారంటీ కూడా అట్లనే. మా కారుకు ఇచ్చింది రెండేండ్లు లేదా 40,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. రెండేండ్లు అని విని మురిసిపోతే కాదు. బాడుగ బండికి కిలోమీటర్లే ముందొస్తాయి. మాకు పది నెలలకే వారంటీ అయిపోయింది. ఆ పది నెలలూ షోరూము గడప దాటలేదు. ఫ్రీ సర్వీసింగు అంటే కూలి మాత్రమే ఫ్రీ, ఆయిలుకు, ఫిల్టరుకు మనమే కట్టాలి. అయినా పుస్తకంలో ముద్ర పడాలి, తేదీ దాటకూడదు, కిలోమీటరు దాటకూడదు. రేపు ఇంజన్‌లో ఏదన్నా లోపం బయటపడితే ఆ ముద్రలే మన సాక్ష్యం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద కలిపి 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. అసలు విడిభాగాలు, పరీక్ష యంత్రాలు బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదన్నది వాళ్ల మీద ఫిర్యాదు. బయట పని చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేస్తామనే షరతు పెట్టకూడదని కూడా కమిషన్ చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు, కోర్టులకు పోయాయి. చట్టం మన వైపు కొంత ఉందని తెలుసుకోవడం మంచిదే. కానీ కిస్తు నడుస్తుండగా మనలాంటోళ్లు వకీలును పెట్టుకొని కొట్లాడలేరు. అందుకే నా మాట: వారంటీ ఉన్నన్నాళ్లు షోరూమే.

వారంటీ అయిపోయిన తర్వాతే అసలు పంచాయితీ. మా కారు 50,000 సర్వీసింగుకు పోయినప్పుడు షోరూములో 18,640 రూపాయల ఎస్టిమేటు చేతికిచ్చారు. ఆయిలు, ఫిల్టర్లు ఉన్నాయి, సరే. వాటి కింద ఇంజన్ ఫ్లషింగట, ఇంజెక్టర్ క్లీనింగట, ఏసీలో మందు కొట్టడమట, కింద పూతట, ముందు బ్రేకు ప్యాడ్లు కొత్తవట. బండి ఇంకా లిఫ్టు ఎక్కలేదు, చక్రం విప్పలేదు, కాగితం మాత్రం తయారు.

"ప్యాడ్లు అరిగినయా? చూపెడ్తవా బాబూ?" అని అడిగాను.

"లోపలికి కస్టమర్లు రావద్దు అంకుల్. అద్దంలకెల్లి చూడొచ్చు," అన్నాడు ఆ పిలగాడు. వాడు మనోడే, తెలుగు పిలగాడు.

వాణ్ణి నేను తప్పు పట్టను. మా గల్లీలో ఒకతను అట్లాంటి చోట రెండేండ్లు పనిచేశాడు. నెలకు ఇన్ని ఫ్లషింగులు, ఇన్ని పూతలు అమ్మాలని తనకు లెక్క పెట్టేవాళ్లట. మా కార్ఖానాలో ఇన్ని టవళ్లు దించాలని లెక్క పెట్టినట్టే. మావాడి చేత ఆయిలు, ఫిల్టర్ల వరకే సంతకం పెట్టించి, మిగతావి కొట్టేయించి బండి తీసుకొచ్చాం.

దారంతా మావాడు మూతి ముడుచుకొని ఉన్నాడు. "నాయినా, నువ్వు పైసలు చూస్తున్నవ్. తుల్జాపూర్ ఘాట్ దిగుతుంటే బ్రేకు పట్టకపోతే ఎట్ల? వెనక ఐదుగురు సవారీలు, చిన్న పిల్లలు ఉంటరు. షోరూమోడు చెప్పిండంటే మార్చుడే మంచిది."

వాడి భయం ఉత్త భయం కాదు. ఘాట్‌లో బ్రేకు మాట వచ్చినప్పుడు పైసల మాట వెనక్కి పోవాల్సిందే. కానీ చూడకుండా మార్చడం కూడా జాగ్రత్త కాదు. సాంచా మీద పికర్ అరిగితే నాడె ఎగిరి మనిషి కన్ను పోతుంది. అయినా ఏ జాబరూ పికర్‌ను చూడకుండా మార్చడు. విప్పుతాడు, వేలు పెట్టి చూస్తాడు, అప్పుడు మార్చాలో వద్దో చెప్తాడు. ఆ మాటే వాడికి చెప్పి, అదే సాయంత్రం హైదరాబాద్ రోడ్డులో ఉన్న ఒక గ్యారేజీకి తీసుకుపోయాను.

అక్కడ ఏసీ గది లేదు, రేకుల షెడ్డు. ఉస్తాదు ముందు చక్రాలు రెండూ విప్పి, ప్యాడ్లు బయటికి తీసి వెర్నియర్ పెట్టాడు. "కాకా, చూడండి. ఇంకా ఆరు మిల్లీమీటర్లు ఉంది. మూడుకు వస్తే నేనే మార్చమంటా. మీవాడు ఘాట్ ఎక్కువ ఎక్కుతాడు కాబట్టి పదివేల తర్వాత మళ్లీ తెండి," అన్నాడు. వెనక డ్రమ్ములు విప్పి దుమ్ము దులిపాడు, షూలు చూశాడు. బ్రేకు ఆయిలు మాత్రం నల్లబడింది, మార్చాలన్నాడు. షోరూము కాగితంలో ఆ బ్రేకు ఆయిలు లేనే లేదు. మావాడు పక్కనే కూర్చొని అంతా చూశాడు. ప్యాడ్లు చేత్తో పట్టుకొని చూశాక వాడి మొహం తేటపడింది. మొత్తం ఖర్చు 1,150 రూపాయలు.

ఇంతవరకు చదివి గ్యారేజీయే గొప్ప అనుకోవద్దు. కథలో రెండో సగం ఉంది.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరలేదు. ఉస్తాదు తన దగ్గరున్న చిన్న స్కానర్ పెట్టి చూసి చేతులు కడుక్కున్నాడు. "కాకా, ఇది నా పని కాదు. కంపెనీ మిషన్ కావాలి. షోరూముకే పొండి," అన్నాడు. తనకు రాని పనిని రాదని చెప్పినందుకే ఆయన మీద నాకు నమ్మకం రెట్టింపయింది. షోరూములో స్టీరింగు కింద ఒక వైరు జోడింపు చెడిందని పట్టుకొని బాగుచేశారు. పని నీటుగా చేశారు.

ఇంకొకటి రీకాల్. ఒక్కోసారి ఒక తేదీ నుంచి ఒక తేదీ వరకు తయారైన బండ్లలో ఏదో ఒక భాగం బాగలేదని కంపెనీయే తెలుసుకొని ఊరికే మార్చిస్తుంది. దానికి వారంటీతో పని లేదు, కానీ మార్చేది షోరూములోనే. బండి ఛాసిస్ నంబరు చెప్తే మనది ఆ జాబితాలో ఉందో లేదో చెప్తారు. బయట గ్యారేజీకి మారినా ఏడాదికోసారి ఈ సంగతి అడిగి రావాలి. షోరూము దగ్గర మన ఫోను నంబరు మారకుండా కూడా చూసుకోవాలి.

ఇక గ్యారేజీల్లో మోసం లేదా అంటే, ఉంది. మా పేటలోనే ఒకాయన సస్తాలో అవుతుందని డబ్బా లేని లూజు ఆయిలు పోయించాడు. బిల్లు లేదు, ఫిల్టరు మీద పేరు లేదు. ఇంజన్ పట్టేసింది. ఎవరిని అడగాలి? కాగితం ఉంటే కదా అడగడానికి.

అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆయిలు, ఫిల్టర్లు, ప్యాడ్లు మేమే అధీకృత దుకాణంలో కొంటాం. సీలు డబ్బా, భాగం నంబరు, ఎంఆర్‌పీ చూసి, బిల్లు తీసుకొని గ్యారేజీకి పోతాం. కంపెనీ సామానుకు ఎంఆర్‌పీ ఎక్కడ కొన్నా ఒకటే. షోరూముకూ గ్యారేజీకీ తేడా వచ్చేది కూలిలోనూ, అక్కర లేకున్నా అంటగట్టే పనుల్లోనూ. ఆయిలు గ్రేడు బండి పుస్తకంలో ఏది రాసుంటే అదే, "దీనికన్నా మంచిది" అని ఎవరు చెప్పినా వినం. పని జరుగుతున్నప్పుడు ఇంట్లోవాళ్లు ఒకరు అక్కడే ఉంటారు. సీఎన్‌జీ బండి అయితే సిలిండరుకు మూడేండ్లకోసారి హైడ్రో టెస్టు చేయించాలి. అది షోరూములో కాదు, గ్యారేజీలో కాదు, ప్రభుత్వ ఆమోదం ఉన్న టెస్టింగు సెంటర్‌లోనే. ఆ సర్టిఫికెట్ లేకుండా గ్యాసు నింపుకోవడం ప్రాణాలతో ఆట.

మన వాళ్లలో ఒక గుణం చూస్తుంటాను. కార్ఖానాలో జాకార్డు విప్పి మళ్లీ బిగించే మనిషి, షోరూము అద్దాల తలుపు ముందుకు పోగానే చిన్నబోతాడు. టై కట్టుకున్న పిలగాడు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు అంటే మారు మాట లేకుండా సంతకం పెడతాడు. ఎందుకు? యంత్రం ఎట్లా అరుగుతుందో మనకు తెలియదా? నూనె లేకుంటే ఏం పట్టేస్తుందో, బోల్టు వదులైతే చప్పుడు ఎట్లా మారుతుందో మనకన్నా ఎవరికి తెలుసు? అడగడానికి సిగ్గు పడాల్సింది లేదు. "పాత భాగం చూపెట్టు, ఎందుకు మార్చాల్నో చెప్పు" అని అడిగితే మంచి షోరూమూ చెప్తుంది, మంచి గ్యారేజీ కూడా చెప్తుంది. చెప్పనిచోట తాళం చెవి ఇవ్వకండి, బోర్డు ఎంత పెద్దదైనా సరే.

కార్ఖానాలో ప్రతి సాంచాకు నేనొక కార్డు రాసేవాణ్ణి. ఏ రోజు ఏం చెడింది, ఏం మార్చాం, ఎవరు చేశారు. అదే పద్ధతిలో మా కారుకు ఒక నోటుబుక్కు పెట్టాను. తేదీ, కిలోమీటరు, పని, సామాను, ఖర్చు, చేసిన చోటు అని ఆరు గళ్లు. బిల్లులు దానికే పిన్ను కొట్టి ఉంటాయి. రేపు బండి అమ్మాల్సి వస్తే కొనేవాడికి అది చూపెడితే చాలు. మొదట నవ్విన మావాడే ఇప్పుడు దాన్ని రాస్తున్నాడు. మొన్న రాసిన గీత ఇది: 1,86,200 కిలోమీటర్లు, ముందు ప్యాడ్లు 3 మిల్లీమీటర్లు, మార్చినం.