రాణి గుడి, కన్య తీర్థము

ఇంగ్లండునకు పోయి వచ్చినవారందఱును వెస్టుమినిస్టరు ఆబీని వర్ణింతురు. దాని నేనును చూచితిని గాని, సోదరీమణులకు చెప్పదలచినవి వేఱు. అవి చిన్నవి, రెండింటికిని స్త్రీలే మూలము.

కాంటర్బరీ పట్టణపు కోటగోడకు వెలుపల, తూర్పున, సెయింట్ మార్టిన్ చర్చి యున్నది. ఆఱవ శతాబ్దమున కెంటు రాజగు ఎథెల్బెర్టు, ఫ్రాంకు రాజకన్య యగు బెర్తాను పెండ్లాడెను. ఆయన పూర్వదేవతల నర్చించువాడు, ఆమె క్రైస్తవురాలు. తన మతమును విడువ నక్కఱలేదను కట్టుబాటుపై, లియుధార్డు అను బిషపును వెంటబెట్టుకొని, ఆమె కాపురమునకు వచ్చినది. ఆమె ప్రార్థనకై రోమనులనాటి కట్టడమును బాగుచేసిరి. వారి పలుచని యెఱ్ఱ యిటుకలు గోడలో నేటికిని కనబడును. ఆంగ్లము మాటలాడు దేశములలో ఎడతెగక పూజ జరుగుచున్న చర్చిలలో ఇదియే మిక్కిలి పాతది. 597లో రోమునుండి వచ్చిన అగస్టీనునకే చరిత్రకారులు కీర్తి నిత్తురు; పుట్టినింటి దేవుని వెంట దెచ్చుకొన్న కోడలిని ఒక వాక్యముతో సరిపుత్తురు.

అచ్చటినుండి ఉత్తర వేల్సునకు పోయితిమి. మా మరిదియు తోడికోడలును కారులో తీసికొనిపోయిరి. ఫ్లింటుషైరులోని హోలీవెల్ అనగా పుణ్యకూపము. ఏడవ శతాబ్దమున వినిఫ్రెడ్ అను కన్య దేవునికే తన్ను సమర్పించుకొన నెంచెను. కారడాగ్ అను రాజపుత్రుడు ఆమెను చెఱపబోగా పరుగిడెను. అతడు వెంటాడి శిరస్సు ఖండించెను. తల పడినచోట నీరుబికెనట. మేనమామ బ్యూనో తలను మొండెమునకు చేర్చి ప్రార్థింపగా ఆమె బ్రదికి, సన్యాసినీమఠమున కధిపురాలయ్యెను. మన రేణుకాదేవి కథ నెఱిగినవారికి ఇది వింతగా తోపదు.

ఊటపై రాతికప్పు, దానిపై చాపెలు. క్రింద నక్షత్రాకారపు కుండము; వెలుపల స్నానమునకు తొట్టి. నడువలేక వచ్చి నడిచిపోయినవారు విడిచిన చంకకఱ్ఱలను భద్రపఱచినారు. ఎనిమిదవ హెన్రీ పుణ్యక్షేత్రముల నెన్నిటినో పాడుచేసినను ఇచ్చటి యాత్ర ఆగలేదు. దగ్గఱి గనుల నీరు పోవుటకు త్రవ్విన సొరంగమువలన 1917లో ఊట ఎండిపోయెను. పిమ్మట వేఱొక భూగర్భజలమును మళ్లించిరి. "అసలు తీర్థము పోయినది కదా!" యని మావారనిరి. కృష్ణలో నిన్నటి నీరు నేడున్నదా యని నేనంటిని.

మా తోడికోడలికి పెండ్లియై తొమ్మిదేండ్లు; సంతానము లేదు. "అక్కయ్యా, బిడ్డలకై యెవరైన ఇచ్చట మ్రొక్కుకొన్నారా?" యని మెల్లగా నడిగెను. రెండవ జేమ్సు రాజు పుత్రార్థియై వచ్చెననియు, 1688 జూనులో రాణి మేరీకి మగశిశువు కలిగెననియు చెప్పితిని. కాథొలిక్కు వారసుడు పుట్టెనని ప్రభువులు కలవరపడగా, ఆ డిసెంబరుననే రాణి చంటిబిడ్డతో ఫ్రాన్సునకు పారిపోయిన సంగతి చెప్పలేదు. చరిత్ర చెప్పుటకది సమయము కాదు.

నీరు మంచువలె చల్లగా నుండెను. ఆమె చీరచెఱగు దోపుకొని మెట్లు దిగి, మోకాలిలోతున నిలిచి, మూడుమాఱులు తలపై చల్లుకొనెను. నీవే మతమువారవని యచ్చట నెవ్వరు నడుగలేదు. మా మరిది గట్టుపై తువాలు పట్టుకొని నిలిచియుండెను.