సాల్మన్ లేకపోతేనేం, మహసీర్ ఉందిగా!

వానలు వెనక్కి తగ్గగానే ఢిల్లీ గాలం ప్రియుల చూపు హిమాచల్‌లోని పాంగ్ సరస్సు మీద పడుతుంది. కానీ అక్కడికి వెళ్లాలంటే గాలపు కర్ర ఒక్కటే సరిపోదు.

సాకేత్ అనగానే ఢిల్లీవాసులకు గుర్తొచ్చేవి షాపింగ్ మాల్స్, కోర్టు సముదాయం, 1997లో దేశంలో మొదటి మల్టీప్లెక్స్‌గా తెరుచుకున్న పీవీఆర్ అనుపమ్. వాటికి కూతవేటు దూరంలో, ఖిడ్కీ గ్రామం పక్కన, సత్‌పులా అనే పాత రాతి కట్టడం ఒకటి ఉంది. 14వ శతాబ్దంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కట్టించిన ఆనకట్ట అది. ఏడు ప్రధాన తూముల వల్ల ఆ పేరొచ్చింది. జహాపనా నగరపు గోడలో భాగంగా ఉంటూనే అది పొలాలకు నీళ్లు వదిలేది. తూములు ఇప్పటికీ నిలిచే ఉన్నా, వాటి గుండా పారిన నీళ్లు మాత్రం పోయాయి. సాకేత్‌లో ఉంటూ చేపలు పట్టాలన్న సరదా ఉన్నవారు అందుకే రైలో, కారో ఎక్కి ఉత్తరానికి వెళ్లాల్సి వస్తోంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి శరత్కాలపు సాల్మన్ వేట కొత్త కాదు. మిషిగన్ సరస్సులో 1966లో పసిఫిక్ సాల్మన్ పిల్లల్ని తెచ్చి వదిలారు. ఏటా సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో అవి గుడ్లు పెట్టేందుకు సరస్సులోంచి నదుల్లోకి ఎదురెక్కుతాయి. సెలవులు, పడవలు, లైసెన్సులు అన్నీ ఆ వారాల చుట్టూనే తిరుగుతాయి. మన నదుల్లో సాల్మన్ లేదు. దాని బంధువు ట్రౌట్‌ను బ్రిటిష్‌వారు కాశ్మీర్‌కు, కులూకు తెచ్చిపెట్టారు. అసలు సిసలు దేశవాళీ పోటీదారు మాత్రం హిమాలయ నదుల బంగారు మహసీర్. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో వెలువరించిన ‘ది రాడ్ ఇన్ ఇండియా’లో సాల్మన్ కన్నా మహసీరే గట్టిగా పోరాడుతుందని తేల్చేశాడు. గాలానికి తగిలిన క్షణంలో ప్రవాహం వైపు అది తీసే పరుగుకు రీలులోని దారం మొత్తం ఖాళీ కావడం మామూలే.

గోదావరి జిల్లాలవారికి ఈ చేప గుణం ఇట్టే అర్థమవుతుంది. పులస వరద నీటికి ఎదురీది ధవళేశ్వరం దాకా వచ్చినట్టే, మహసీర్ కూడా వానాకాలంలో గుడ్లు పెట్టడానికి పైనున్న వాగుల్లోకి ఎక్కుతుంది. తేడా ఏమిటంటే పులస సముద్రం నుంచి వస్తుంది, మహసీర్ జీవితమంతా మంచినీటిలోనే. రెండింటికీ ఉన్న అడ్డంకి ఒకటే: ఆనకట్ట.

బియాస్ మీద 133 మీటర్ల ఎత్తున మట్టితో కట్టిన పాంగ్ డ్యామ్ 1974లో పూర్తయింది. దాని వెనుక ఏర్పడ్డ జలాశయానికి మహారాణా ప్రతాప్ సాగర్ అని పేరు. నిండితే సుమారు 240 చదరపు కిలోమీటర్లు. దౌలాధార్ మంచు కొండలు నేపథ్యంగా, అవతలి ఒడ్డు ఆనీ ఆననట్టు కనిపించే ఈ నీటిలో మహసీర్‌తో పాటు రోహు, బొచ్చె, సింఘాడా అనే జెల్ల జాతి చేప దొరుకుతాయి. వానలకు ఎర్రబారిన నీరు సెప్టెంబర్ రెండో సగంలో తేరుకుంటుంది. వాగులు సరస్సులో కలిసే చోట్లు, దెహ్రా గోపీపూర్ వైపు బియాస్ వచ్చి చేరే ఎగువ భాగం గాలానికి అనువైనవి. తెల్లవారుజాము, సూర్యాస్తమయానికి ముందు గంట మంచి సమయాలు. మెరిసే లోహపు స్పూను ఎర కొందరికి ఇష్టం, గోధుమపిండి ముద్దను మించింది లేదనేవారు మరికొందరు. నవంబర్ చివరికి నీరు చల్లబడి చేప మందగిస్తుంది.

చూడ్డానికి ఇంత ప్రశాంతంగా ఉన్న ఈ నీటి కింద ఊళ్లున్నాయి. డ్యామ్ కోసం 20 వేలకు పైగా కుటుంబాలు ఇళ్లూ పొలాలూ వదులుకున్నాయి. ఈ నీళ్లతో పచ్చబడే రాజస్థాన్ కాలువ ప్రాంతంలో వారికి భూములిస్తామన్నది హామీ. ఎంతోమందికి అది కాగితాల మీదే మిగిలింది. వెళ్లినవారిలోనూ చాలామంది ఎడారి వాతావరణంలో ఇమడలేక, కబ్జాలతో వేగలేక తిరిగొచ్చారు. 1996లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కాకే పునరావాసాన్ని పర్యవేక్షించేందుకు ఉన్నతాధికార కమిటీ ఏర్పడింది. నేల పోగొట్టుకున్న రైతుల్లో కొందరు ఆ నేలను ముంచిన నీటిలోనే వలలు వేసి బతకడం నేర్చుకున్నారు. ఒడ్డున కనిపించే సహకార సంఘాల పడవల్లో వారివీ ఉన్నాయి. ఢిల్లీ నుంచి సరదాకు వచ్చేవారి గాలం పడేది వీరి కూటి గిన్నెలోనే.

ఇక్కడ గుంజాటన ఆ ఒక్కటే కాదు. ఈ సరస్సు 1983 నుంచి వన్యప్రాణి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. అక్టోబర్ నుంచి హిమాలయాల మీదుగా పట్టెతల బాతులు దిగుతాయి. కొన్నేళ్ల శీతాకాలపు గణనలో అన్ని జాతుల పక్షులూ కలిపి లక్ష దాటాయి. 2020 డిసెంబర్, 2021 జనవరిలో బర్డ్ ఫ్లూ వేల పక్షుల్ని బలి తీసుకున్నప్పుడు వేటతో పాటు ఒడ్డున రాకపోకలూ ఆపేశారు. అప్పుడు పర్యాటకులు పోగొట్టుకున్నది ఒక సెలవు. మత్స్యకారులు పోగొట్టుకున్నది రోజు కూలి.

ఇక మహసీర్ సంగతి. బంగారు మహసీర్ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో అంతరించే ప్రమాదంలో ఉన్న చేప. డ్యాములు దారి మూశాయి, ఇసుక, కంకర తవ్వకాలు గుడ్లు పెట్టే చోట్లను చెడగొట్టాయి, డైనమైట్, బ్లీచింగ్ పొడి వేట మిగతా పని చేశాయి. లోనావ్లాలో టాటా పవర్ 1970ల నుంచీ పిల్లల్ని పెంచి వదులుతోంది. కానీ ఎదురెక్కే దారి లేనప్పుడు హేచరీ ఒక్కటే గట్టెక్కించలేదు. అందుకే అనుభవజ్ఞులు పట్టిన మహసీర్‌ను తూకం కోసం ఒడ్డున పొర్లించరు. ముల్లు లేని కొక్కెం వాడి, తడి చేతులతో పట్టి, నీటిలోనే విప్పి వదిలేస్తారు. వంటకు చేపే కావాలంటే ఒడ్డున సంఘం దగ్గర కొనుక్కోవచ్చు. ఆ డబ్బు అందాల్సినవారికే అందుతుంది.

ప్రయాణం ఇలా

ఎప్పుడు: హిమాచల్‌లో చేపల వేటపై రెండు నెలల నిషేధం ఇటీవలి ఏళ్లలో జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు ఉంటోంది. అది ముగిసినా సెప్టెంబర్ మధ్య దాకా ఆగడం మేలు. 2023 ఆగస్టులో నీటిమట్టం 1,390 అడుగులు దాటి, గేట్లెత్తడంతో దిగువ గ్రామాలు మునిగాయి. బయల్దేరే ముందు నీటిమట్టం కనుక్కోవాలి. ట్రౌట్ కావాలనుకునేవారు తీర్థన్ లోయకు అక్టోబర్‌లోపే వెళ్లాలి. నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి దాకా దానికి విరామం.

ఎలా: ఢిల్లీ నుంచి జమ్ము వైపు వెళ్లే రాత్రి రైలెక్కితే తెల్లవారికి పఠాన్‌కోట్. అక్కడి నుంచి రోడ్డు మార్గం. కాంగ్రా లోయ చిన్న రైలుపై ఆశ పెట్టుకునేవారు ముందే విచారించాలి. 2022 ఆగస్టు వరదలో చక్కీ వంతెన కూలి ఆ మార్గం తెగింది. సాకేత్ నుంచి కారులో చండీగఢ్, ఊనా మీదుగా ఒక పూర్తి రోజు.

అనుమతి: గాలానికి మత్స్యశాఖ లైసెన్సు తప్పనిసరి. అభయారణ్యంలో ఎక్కడ తిరగవచ్చో, ఎక్కడ కూడదో అటవీశాఖను అడగాలి.

ఇంకా: బాథూ కీ లడీ ఆలయాలు వేసవిలోనే పూర్తిగా బయటపడతాయి. శరత్కాలంలో నీటి మీద శిఖరం మాత్రమే కనిపిస్తుంది.