స్పేస్‌బార్ మీద వేలు

నాటకాల మీద నేను రాసిన సమీక్షలు ఏడో ఎనిమిదో ఉంటాయి. ఈమధ్య వాటిని వరసగా చదువుకుంటే ఒక వాక్యం అన్నిట్లోనూ కనిపించింది: "లైటింగు, సంగీతం నాటకానికి తగ్గట్టుగా ఉన్నాయి." కథ గురించి మూడు పేరాలు, నటుల గురించి రెండు, చివర్లో ఈ ముక్క. పెళ్ళి భోజనం గురించి చెప్తూ, మంచినీళ్ళు కూడా ఇచ్చారు అన్నట్టు. అదెంత బద్ధకంగా రాసిన వాక్యమో తెలియడానికి నేనే ఒకసారి ఆ బల్ల దగ్గర కూర్చోవాల్సి వచ్చింది.

మూడేళ్ళ కిందటి సంగతి. హైదరాబాదులో మా స్నేహితులు కొందరు, సగంమంది నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళే, ఒక గంట నాటిక వేద్దామనుకున్నారు. ఊళ్ళో ఒంటరిగా ఉండే తండ్రి, విదేశంలో ఉన్న కొడుకు, మధ్యలో ఒక టెలిఫోను. నాకు నటన రాదని అందరికీ తెలుసు. "నీకు కంప్యూటరొచ్చు కదా, లైట్లూ సౌండూ నువ్వు చూడు" అన్నారు.

అప్పటిదాకా మా వాళ్ళకి ఆ పని చేసిపెట్టింది ఒక పెద్దాయన. అందరం మాస్టారూ అంటాం. కుర్రతనంలో తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలకి హార్మోనియం వాయించారు. అవి తగ్గాక సాంఘిక నాటకాలకి సౌండు పెట్టడం మొదలెట్టారు. కాసెట్ల రోజుల్లో ఒక్కో శబ్దానికి ఒక్కో కాసెట్టు. కోడికూతకొకటి, వానకొకటి. పెన్సిలు దూర్చి సరిగ్గా శబ్దం మొదలయ్యే చోటికి తిప్పి, వరసలో పేర్చుకునేవారట. ఆయన స్క్రిప్టు అంచుల నిండా ఎర్ర పెన్సిలు గుర్తులే.

నేను మాత్రం స్నేహితుడి మాక్‌బుక్ అరువు తెచ్చుకుని క్యూల్యాబ్ దించాను. చాలా దేశాల్లో నాటకాలవాళ్ళు వాడే సాఫ్ట్‌వేరే అది, మాక్ మీద తప్ప నడవదు. తెరిస్తే ఒక పట్టిక. వరసకొక క్యూ: ఇది కుక్క అరుపు, ఇది ఆ అరుపు తగ్గించడం, ఇది లైట్ల మార్పు. స్పేస్‌బార్ నొక్కితే గో. నొక్కిన ప్రతిసారీ తర్వాతి క్యూ సిద్ధమవుతుంది. అంతే.

లైట్ల సంగతి ఇంకా నచ్చింది. డీఎంఎక్స్ అనే పద్ధతిలో ఒక తీగ మీద 512 ఛానళ్ళు, ఒక్కోదానికి 0 నుంచి 255 దాకా ఒక అంకె. ఎనభైల నాటి ప్రమాణం, ఇప్పటికీ నడుస్తోంది. సమాచారం ఒకవైపే పోతుంది. "నువ్వు 180లో వెలుగు" అని చెప్పడమే గానీ, వెలిగిందో లేదో లైటు తిరిగి చెప్పదు. వచ్చిన అంకె సరైనదో కాదో సరిచూసుకునే ఏర్పాటు కూడా ఉండదు. అందుకే ప్రాణం మీదికి తెచ్చే పనులకి, ఉదాహరణకి బాణసంచాకి, దీన్ని నమ్ముకోకూడదంటారు. అప్పుడు ఇదంతా సరదాగా చదివాను.

మొత్తం 41 క్యూలయ్యాయి. ఒకదాని వెనక ఒకటి వాటంతటవే వచ్చేలా గొలుసులు కట్టాను. ఇది అయిపోగానే అది, దాని తర్వాత నాలుగు సెకన్లాగి ఇంకోటి. చివరికి నేను నొక్కాల్సింది 11 సార్లే. రిహార్సల్లో అందరికీ గొప్పగా చూపించాను. "మీరింక శ్రమపడక్కర్లేదు మాస్టారూ, ముందు వరసలో కూర్చుని చూడండి" అన్నాను. గౌరవంగానే అన్నాననుకున్నాను.

కంప్యూటరు చేసిన మేలు తక్కువేం కాదు. రెండో రంగంలో సాయంత్రం చీకటిగా మారడానికి నాలుగు నిమిషాలు పెట్టాను. ఎక్కడా కుదుపు లేదు. మాస్టారు రిహార్సల్లో అది చూసి, "ఇది నా చేత్తో అయ్యేది కాదయ్యా" అన్నారు. బ్రాడ్‌వేలో 1975లో ఎ కోరస్ లైన్‌కి తారన్ మస్సర్ కంప్యూటర్ బోర్డు తెచ్చింది ఇలాంటి పనులకే కదా అనుకున్నాను. కానీ 1959లో కలకత్తాలో తాపస్ సేన్, ఉత్పల్ దత్ అంగార్ నాటకంలో బొగ్గుగని నీట మునగడాన్ని వెలుగుతోనే చూపించాడు. ఆయన దగ్గర కంప్యూటరు లేదు. ఆ సంగతి మాత్రం అప్పుడు గుర్తు రాలేదు.

నాటిక చివర్లో తండ్రి, "వాడికి తీరికుండదులే" అని కుర్చీలో కూలబడతాడు. నిశ్శబ్దం. తర్వాత ఫోను మోగుతుంది. రిహార్సల్స్‌లో ఆ నిశ్శబ్దం దాదాపు ఎప్పుడూ ఏడు సెకన్లే. కాబట్టి ఏడని రాశాను.

ప్రదర్శన రోజు ఆ మాట దగ్గర హాల్లో ఎవరో ఆడమనిషి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. అది వేదిక మీద ఉన్నాయనకీ వినిపించి ఉంటుంది. ఏ రిహార్సల్లోనూ చేయనిది, కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడవడం మొదలుపెట్టాడట. అట అని ఎందుకంటున్నానంటే నేను చూడలేదు. ఐదు, ఆరు అని అంకెలు మారడం చూస్తున్నాను. ఫోను మోగింది. చేతిలో కళ్ళజోడుతో ఆయన ఉలిక్కిపడ్డాడు. వెనక వరసల్లో ఎవరో నవ్వారు. ఆపడానికి ఎస్కేప్ మీట ఉందని నాకు తెలుసు. కానీ వేదిక వైపు తల తిప్పేసరికే ఆయన రిసీవర్ ఎత్తేశాడు.

ఎవరూ నన్నేమీ అనలేదు. గ్రీన్ రూములో మేకప్ తుడుచుకుంటూ, "ఇవాళ మా అబ్బాయి కొంచెం తొందరపడి ఫోన్ చేశాడు" అని ఆయన నవ్వాడు. అది ఇంకా గట్టిగా తగిలింది. రెండు నెలలు రాత్రులు ఆఫీసు నుంచి వచ్చి తయారుచేసుకున్న ఒక్క క్షణాన్ని నేను ఆయన చేతుల్లోంచి లాగేశాను.

మర్నాడు మాస్టారే పిలిచి టీ తాగించారు. ఫోను ఊసెత్తలేదు. హార్మోనియం రోజుల గురించి చెప్పారు. "పద్యం చివర రాగం తీస్తుంటే ఎంతసేపు తీస్తాడో ఎవడికి తెలుసు? జనం ఊపుని బట్టి ఉంటుంది. వన్స్ మోర్ అంటే మళ్ళీ మొదట్నుంచీ అందుకోవాలి. నేను మెట్లు చూసేవాణ్ణి కాదు. వాడి గొంతు దగ్గర నరం చూసేవాణ్ణి."

ఇంటికొచ్చి ఆలోచిస్తే నా తప్పు నాకు బాగా తెలిసిన తప్పే. ఆఫీసులో జూనియర్లెవరైనా, అవతలి పని పూర్తయిందో లేదో చూసుకోకుండా కోడులో ఐదు సెకన్ల స్లీప్ పెట్టి ముందుకెళ్తే నేను ఒప్పుకోను. "ఆలస్యమైతే ఏంటి పరిస్థితి? కబురొచ్చేదాకా ఆగాలి కదా" అని వెనక్కి పంపిస్తాను. అదే పని నేను చేశాను, అదీ ఒక మనిషి ఏడుపు మీద. ఏడు సెకన్లనేది ఆ నాటకంలో ఎక్కడా లేదు, రిహార్సల్స్‌లో నేను కొలిచి తెచ్చుకున్న సగటు అది.

రెండో ప్రదర్శనకి గొలుసులన్నీ విప్పి చూసుకున్నాను. మెరుపు తర్వాత ఉరుము ఆటోమేటిక్‌గానే ఉంచాను, అక్కడ మనిషి ప్రమేయం లేదు. నాలుగు నిమిషాల సాయంత్రం కూడా అలాగే ఉంది. ఎక్కడ మనిషిని బట్టి నడవాలో అక్కడల్లా తెంచేశాను. 11 నొక్కులు 26 అయ్యాయి. మాస్టారిని పక్కన కూర్చోమని అడిగాను. "ఆ పెట్టె నేను ముట్టుకోను" అన్నారు, కానీ వచ్చి కూర్చున్నారు.

"వాడికి తీరికుండదులే" దగ్గర స్పేస్‌బార్ మీద వేలుంచి వేదిక వైపే చూస్తున్నాను. కళ్ళజోడు తీశాడు, తుడిచాడు. ఇప్పుడా అనుకున్నాను. నా మోచేతి మీద మాస్టారి చెయ్యి కదల్లేదు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఊపిరి వదిలాడు, భుజాలు దిగాయి. మోచేతిని ఆయన మెల్లగా నొక్కేసరికి నేనూ నొక్కేశాను. ఎవరు ముందో చెప్పలేను. తర్వాత వీడియోలో చూస్తే పదమూడు సెకన్లు. ఇంకో ఊళ్ళో వేసినప్పుడు తొమ్మిదే.

పోయిన నెల ఒక నాటకం చూసి సమీక్ష రాయబోతే, చివర్లో ఆ పాత వాక్యమే వేళ్ళ మీదికొచ్చింది. కొట్టేశాను. ఆవేళ ఆట మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. చివరి వరస వెనక ఒకమ్మాయి ల్యాప్‌టాప్ ముందు నిలబడి ఉంది. వేలు మీట మీదుంది, కళ్ళు మాత్రం వేదిక మీదున్నాయి. సమీక్షలో ఆ అమ్మాయి గురించి ఒక పేరా రాశాను.