మన మాటకు మర్యాద తెచ్చిన బడిపంతులు

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. బళ్లల్లో ఫొటోకి దండేస్తారు, పిల్లలచేత పద్యాలు చెప్పిస్తారు. ఆ ఫొటోలో ఉన్న గిడుగు రామమూర్తి పంతులు గారికీ మన రైతులకీ సంబంధం ఏంటో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఈ పోస్టు. కాస్త ఓపిగ్గా చదవండి.

ఆయన మా శ్రీకాకుళం వైపు మనిషే. 1863లో శ్రీముఖలింగం దగ్గర, పర్వతాలపేటలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. 1880లో, మీసం వచ్చీరాని వయసులో, పర్లాకిమిడి రాజావారి బళ్లో పంతులుగా చేరారు.

ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలుంటారు. వాళ్లకి చదువు చెప్పాలని మాస్టారికి బుద్ధి పుట్టింది. ఇంకొకరైతే "ముందు తెలుగు నేర్చుకుని రండి" అనేవారు. ఈయన తనే సవర భాష నేర్చుకున్నారు. రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, కొండలెక్కి దిగి ఏళ్లతరబడి కష్టపడ్డారు. ఆ భాషలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. కొండల్లో మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవులు దెబ్బతిన్నాయి. జీవితాంతం ఆ చెవుడు ఆయనతోనే ఉంది. మద్రాసు ప్రభుత్వం పుస్తకాలకి డబ్బిస్తానంటే, ఆ డబ్బుతో సవర పిల్లలకి బడి పెట్టండి అన్నారు.

1911లో ఉద్యోగం వదిలాక ఇంకో పని నెత్తినేసుకున్నారు. పిల్లల పుస్తకాలు ఇంట్లో ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో ఎందుకుండాలి, వాడుక తెలుగులో ఉండాలి అని ఊరూరూ తిరిగి వాదించారు. 1919లో 'తెలుగు' అని పత్రిక నడిపారు. పెద్ద పెద్ద పండితులు ఎదురు తిరిగినా తగ్గలేదు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే, ఆ వయసులో ఇల్లూ ఊరూ వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న, 76 ఏళ్ల వయసులో కన్నుమూశారు. బడి పుస్తకాల్లోకి వాడుక భాష పూర్తిగా వచ్చింది ఆ తరవాత చాన్నాళ్లకి.

ఇప్పుడు మన సంగతి. నేను ఇంటర్ చదివినవాణ్ణి. గ్రాంథికంలోనే రాయాలంటే ఈ పేజీయే ఉండేది కాదు. మా వైపు ఉభాలంటాం, మీ వైపు నాట్లో ఊడుపులో అంటారు. అయినా ఒకరిది ఒకరికి తెలుస్తోంది. మొన్న ఒక కాగితం చేతిలో పెట్టారు. "కలుపు నివారణ చర్యలు చేపట్టవలెను" అని ఉంది. కలుపు తియ్యండి అంటే సరిపోదా? పోనీ, అది ఎలాగోలా తెలుస్తుంది. పురుగుమందు మోతాదు, బీమా షరతు, బ్యాంకు కాగితం అలా ఉంటే? అర్థం కాకుండా సంతకం పెడితే నష్టం మనదే.

కాబట్టి ఎవరైనా కాగితం ఇస్తే సిగ్గుపడకండి. "మా మాటలో చెప్పండి, అప్పుడు పెడతాను సంతకం" అనండి. ఒక పంతులు సవర పిల్లల కోసం కొండలెక్కి వాళ్ల భాష నేర్చుకోగా లేనిది, తెలుగువాడికి తెలుగులో తెలిసేలా చెప్పడం ఎవరికీ పెద్ద పనేం కాదు.

సీతంపేట సంతకి అనాస పళ్లూ చింతపండూ తెచ్చే సవర రైతులు కనిపిస్తే రెండు మాటలు నేర్చుకోండి. వాళ్లూ మనలాంటి రైతులే.