దరఖాస్తు అడగని ప్రశ్న

పట్టభద్రులైన యువతీయువకులు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు కావడానికి పొందవలసిన శిక్షణ బి.ఎడ్. మన రాష్ట్రంలో ఈ శిక్షణలో చేరడానికి ఏటా ఎడ్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష జరుగుతుంది. 2016లో ఆ పరీక్షకు దరఖాస్తు చేసిన వేలాదిమందిలో నేనూ ఒకణ్ణి.

మాది నిజామాబాదు జిల్లా వర్ని మండలంలోని ఒక పల్లె. మంజీర నదిపై 1923-31 సంవత్సరాల మధ్య నిర్మించిన నిజాంసాగర్ జలాశయం మా మెట్టనేలలను మాగాణులుగా మార్చింది. 1937లో బోధన్ చెంత శక్కర్‌నగర్‌లో చక్కెర కర్మాగారం వెలసింది. కాలువ నీటిని నమ్ముకొని కోస్తా జిల్లాల నుండి వచ్చిన రైతులు క్యాంపులు కట్టుకొని స్థిరపడ్డారు. మా ప్రాంతపు తండాల్లో లంబాడీ, బోధన్ వీధుల్లో ఉర్దూ, సరిహద్దు పల్లెల్లో మరాఠీ వినిపిస్తాయి. వేర్వేరు ఇంటిభాషల పిల్లలు ఒకే తరగతి గదిలో పక్కపక్కన కూర్చోవడం మాకు వింత కాదు.

డిగ్రీ చదివే రోజుల్లో సాయంకాలం మా ఊరి పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి. వారిలో ఏడవ తరగతి చదివే ఒక తండా బాలికకు శాతాలు ఎంతకూ బోధపడేవి కావు. నిర్వచనం ఆమెకు కంఠస్థమే. అర్థం మాత్రం అందలేదు. ఆమె తండ్రి ఎడ్లబండిపై చెరకు తోలేవాడు. ఒకనాడు ఆమెతో, "నూరు టన్నుల చెరకు ఆడితే సుమారు పది టన్నుల చక్కెర వస్తుంది. మరి మీ నాయన తోలే బండెడు చెరకుకు ఎంత వస్తుంది?" అన్నాను. "బండికి రెండు టన్నులు పడుతది సార్" అని, వేళ్లు మడిచి లెక్కకట్టి, "రెండు క్వింటాళ్లు!" అన్నది.

ఆ జవాబు నన్ను ఆలోచింపజేసింది. ఆమెకు తెలివి కొదువ లేదు. తాను ఎరిగిన లోకం నుండి పాఠంలోకి ఒక దారి ఆమెకు కావలసి వచ్చింది. ఆ దారి ఆనాడు నాకు అనుకోకుండా తట్టింది. ప్రతి పాఠానికీ, ప్రతి బిడ్డకూ అటువంటి దారి కనుగొనే విద్య ఏదైనా ఉన్నదా అని మా అధ్యాపకులొకరిని అడిగాను. ఉపాధ్యాయ శిక్షణ పరమార్థం అదేనని వారు చెప్పారు. విషయం తెలియడం వేరు, తెలియజెప్పడం వేరు. 1848లో పుణెలో బాలికలకు చదువు చెప్పిన సావిత్రీబాయి ఫూలే సైతం బోధనలో శిక్షణ పొందినవారే.

నా నిర్ణయం విని బాపు, "డిగ్రీ అయిపాయె గదా బిడ్డా! మల్ల రెండేండ్లు సదువుడెందుకు? అదయినంక నౌకరి ఖాయమేనా?" అన్నాడు. ఆ ప్రశ్నలో కోపం లేదు, దిగులు ఉన్నది. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ కర్మాగారం మూతపడింది. చెరకు తోటలు తరిగి వరిమళ్లు పెరుగుతున్న కాలమది. అంతవరకు ఒక్క సంవత్సరంగా ఉన్న బి.ఎడ్. 2015 నుండి రెండేళ్లయింది. అది ముగిసిన తరువాత ఉపాధ్యాయ అర్హత పరీక్ష, ఆపైన నియామక పరీక్ష ఉంటాయి. "ఖాయం కాదు బాపు, కాని అది చదవందే సర్కారు బడిలో సారును కాలేను" అని ఉన్నమాట చెప్పాను. బాపు చాలాసేపు మౌనంగా ఉండి, "సరే, కానియ్యి" అన్నాడు.

మార్కుల పత్రాలు, కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు సిద్ధం చేసుకొని దరఖాస్తు నింపాను. పేరు, పుట్టిన తేదీ, మార్కులు, స్థానికత, ఎంచుకొనే బోధనాంశం అన్నింటికీ అందులో గడులున్నాయి. గణితాన్ని ఎంచుకొన్నాను. 'నీవు పాఠం ఎవరికోసం చెప్పదలచావు?' అనే గడి మాత్రం అందులో లేదు.

శిక్షణకాలంలో బడులలో గడిపిన వారాలు ఆ ప్రశ్నను నా ముందుంచాయి. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనల ప్రకారం ఆ అభ్యాసం మొత్తం ఇరవై వారాలు. పాఠ్యపథకం రాయడం, బెదిరించకుండా ప్రశ్నించడం, తప్పు జవాబు వెనుక ఉన్న పిల్లవాని ఆలోచనను పట్టుకోవడం అక్కడ నేర్చుకొన్నాను. ఒకడు 'ఆధా' అన్నా, మరొకడు 'అర్ధా' అన్నా, ఇంకొకడు 'సగం' అన్నా భిన్నం ఒక్కటేనని పిల్లలతోనే చెప్పించగలిగాను.

2017 అక్టోబరులో 8,792 పోస్టులకు ప్రకటన వెలువడేనాటికి నా శిక్షణ పూర్తికాలేదు. 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులకు ప్రకటన వచ్చేదాకా ఒక ప్రైవేటు బడిలో స్వల్ప వేతనానికి పనిచేశాను. బాపు అడిగిన ప్రశ్న ప్రతి వేసవిలోనూ గుర్తుకు వచ్చేది. ప్రతి జూన్‌లోనూ కొత్త తరగతి పిల్లల ముఖాలు దానిని కొంత మరపించేవి. 2024 అక్టోబరులో నియామక పత్రం చేతికందింది.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఈ దరఖాస్తు నింపుతారు. కొలువుకు ఎంతకాలం పట్టవచ్చునో ముందే లెక్క వేసుకోండి. ఇంటివారితో దాచకుండా మాట్లాడండి. ఎదురుచూసే ఆ సంవత్సరాలలో సైతం బడికి వెళ్లాలని మనసుకు అనిపిస్తుందా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. అనిపిస్తే, ఆ వృత్తికి మీరు తగినవారే.